కొర్రీ పడితే కాలం ఆగుతుంది

గంధవరం మునిసిపల్ కమిషనర్ పరాంకుశరావు చేతుల్లో ఒక్క పూటలో రెండు వందల మంది దాహంతో చనిపోయారు. ఆయన్ని ఎవరూ అరెస్టు చేయలేదు. చనిపోయినవాళ్లు వీడియో గేములోని వాళ్లు కావడం ఒక కారణం. అదే వారంలో రాష్ట్రంలోని మిగతా కమిషనర్లందరి చేతుల్లోనూ అంతకు తగ్గకుండా చనిపోవడం రెండో కారణం.

ఆ గేము పేరు ‘ఎర్రనేల’. చెట్టూ చేమా లేని ఓ గ్రహం మీద రాకెట్ దిగుతుంది. అందులోంచి బొమ్మ మనుషులు దిగుతారు. ఆడేవాడు వాళ్లకు ఇళ్లు కట్టాలి, తిండి పండించాలి, నీళ్లివ్వాలి. ప్రతి బొమ్మ నెత్తిమీదా ఓ చిన్న దీపం ఉంటుంది. నీళ్లు అందుతున్నంతకాలం నీలంగా వెలుగుతుంది. దాహమైతే పసుపు. దాహం ముదిరితే ఎరుపు. ఆ తర్వాత దీపమూ ఉండదు, బొమ్మా ఉండదు.

పట్టణాన్ని పాలించడం నేర్చుకోవాలంటే పట్టణంలో తిరగనవసరం లేదనీ, ఈ గేము ఆడితే చాలనీ పురపాలక శాఖ పెద్దలకు విదేశీ పర్యటనలో తట్టింది. అంత దూరం వెళ్తేగానీ తట్టని ఆలోచన గొప్పదే అయి ఉంటుందని అందరూ ఒప్పుకున్నారు. వెంటనే ఉత్తర్వు వచ్చింది. ‘ఎర్రనేల’లో ఒక సంవత్సరం పాటు, అంటే గేము లెక్కలో సంవత్సరం పాటు, జనాన్ని బతికించి చూపించిన కమిషనర్‌కే ఉద్యోగం ఖాయం. మిగతావాళ్లు వెనక్కి, పాత కుర్చీల్లోకి.

పరాంకుశరావు పాత కుర్చీ రెవెన్యూ సెక్షన్‌లో, మరుగుదొడ్డి పక్కన ఉండేది. అందుకని ఆయన పరీక్షను చాలా శ్రద్ధగా తీసుకున్నాడు. మీటింగ్ హాల్లో పెద్ద తెర పెట్టించాడు. బల్లకు ఈ చివర తను కూర్చున్నాడు. ఆ చివర కంప్యూటర్ ముందు ఆపరేటర్ జోజి. అధికారి మౌస్ ముట్టుకోడు. అధికారి చెబుతాడు, ఆపరేటర్ నొక్కుతాడు. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. అందువల్లే దాన్ని ఎవరూ ఉల్లంఘించరు.

రాకెట్ దిగింది. బొమ్మలు దిగాయి.

"సార్, దీపాలు పసుపుపచ్చగా అవుతున్నాయండి," అన్నాడు జోజి.

"నోట్ పెట్టించు."

"ఇందులో నోట్ పెట్టే చోటు లేదండి."

"లేకపోవడమేంటయ్యా? మరి పని ఎక్కడ మొదలవుతుంది?"

"ఈ గొట్టం మీద నొక్కి ఇంటిదాకా లాగితే నీళ్లు వెళ్లిపోతాయనుకుంటానండి."

"ఎవరి అనుమతితో?"

కమిషనర్ ఇంజనీరింగ్ సెక్షన్ అభిప్రాయం కోరాడు. ఇంజనీరు టీ తాగి వచ్చి, తెర వైపు తేరిపార చూసి, ముందుగా నీటి లభ్యత మీద సర్వే చేయించడం సమంజసమని అభిప్రాయపడ్డాడు. అప్పటికి దీపాలు ఎర్రబడ్డాయి. సర్వేకి ఉపసంఘం వేద్దామని కమిషనర్ అనబోతుండగా తెర నల్లబడిపోయింది. దాని మీద అక్షరాలు వచ్చాయి.

‘మీ ఆవాసం అంతరించింది. మళ్లీ ప్రయత్నిస్తారా?’

పరాంకుశరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మనల్ని ప్రశ్నించడానికి దీనికేం అధికారం ఉంది?" అన్నాడు.

*

కమిషనర్ల సంఘం పైకి ఒక విన్నపం పంపింది. గేము కొత్తవాళ్లకు చాలా కష్టంగా ఉందనీ, పైగా అందులోని ప్రజలకు ఓపిక తక్కువనీ దాని సారాంశం.

డైరెక్టరేట్‌లో కలకలం రేగింది. గేము కష్టమని ఒప్పుకుంటే, దాన్ని ఎంపిక చేసిన పెద్దలు తప్పు చేసినట్టవుతుంది. తేలికని తేలిస్తే, కమిషనర్లను ఎంపిక చేసిన పెద్దలు తప్పు చేసినట్టవుతుంది. ఇద్దరూ ఒకే పెద్దలు.

ఇలాంటి సున్నితమైన వ్యవహారాలను జాయింట్ డైరెక్టర్ చిదంబరేశ్వర్‌కు అప్పగించడం ఆనవాయితీ. సర్వీసంతటిలో ఆయన ఒక్క ప్రశ్నకూ జవాబు చెప్పలేదు. కాబట్టి ఆయన జవాబు తప్పని తేలిన సందర్భమూ లేదు. రాష్ట్రంలో అందరికంటే వేగంగా ఆవాసం అంతరించిన పట్టణం గంధవరమే గనక, ఆయన కారు నేరుగా గంధవరం వచ్చి ఆగింది.

"సదరు గేము కొత్తవారికి కష్టమా, కాదా అని నిర్ధారించుటకు ముందుగా మనకు ఒక కొత్తవారు కావలెను," అన్నాడు చిదంబరేశ్వర్. ఆయన ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడతాడని చెప్పుకుంటారు.

"నేను కొత్తవాణ్నే కదండీ," అన్నాడు పరాంకుశరావు.

"మీరు ఒక పర్యాయము ఆడియున్నారు. ఇప్పుడు మీరు అనుభవజ్ఞులు."

ఆ మాట పరాంకుశరావుకు కొంచెం బాగానే అనిపించింది.

"మీ కార్యాలయ సిబ్బంది?"

"అందరూ చూశారండి, అవి చనిపోతుంటే."

"అట్లయిన వారు ప్రత్యక్ష సాక్షులు. పనికిరారు. ప్రజలలో నుండి ఒకరిని తీసుకొనెదము."

"ప్రజల్లోంచా?" పరాంకుశరావు గొంతు తగ్గించాడు. "వాళ్లతో పని లేకుండా ఉండటానికే కదండీ ఈ గేము తెప్పించుకున్నది."

అయినా తప్పలేదు. వరండాలో బల్ల వేశారు. మొదట్లోనే ఒక చిక్కు వచ్చిపడింది. మీకు ‘ఎర్రనేల’ తెలుసా అని అడగ్గానే అవతలివాడికి ఆ పేరు తెలిసిపోతోంది. తెలిసినవాడు కొత్తవాడెలా అవుతాడు? పేరు చెప్పకుండా అడగాలని చిదంబరేశ్వర్ నిర్ణయించాడు.

ఒక ఆటోడ్రైవర్ వచ్చాడు. అతని సెల్‌ఫోన్‌లో పేకాట దొరికింది. తీసేశారు. రిటైర్డ్ హెడ్మాస్టర్ ఒకాయన వచ్చి, నిర్వహణ అంటే ఏమిటో మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా చెప్పాడు. తీసేశారు. మరొకాయన చేతులు కట్టుకుని, "నాకేమీ రాదండి, అసలేమీ రాదండి, ఎవర్నయినా అడగండి" అన్నాడు. అనుభవం లేనిదే ఇంత ఆత్మవిశ్వాసం రాదని చిదంబరేశ్వర్ ఆయన్నీ తీసేశాడు.

అప్పుడు మెట్లెక్కి మస్తానమ్మ వచ్చింది.

మస్తానమ్మ పరుపులు కుడుతుంది. పరుపుల బజారులో ఉంటుంది. ఆ బజారు మూలదాకా మునిసిపాలిటీ మంచినీళ్ల గొట్టం వేసి, అక్కడితో ఆపేసింది. మూలనుంచి లోపలికి కలపాల్సిన ముక్క కోసం ఆమె ప్రతి సోమవారం అర్జీ ఇస్తోంది. ట్యాంకర్ రోజు విడిచి రోజు వస్తుంది. రాని రోజు బైపాస్ రోడ్డు దాటి అవతలి బోరు దగ్గరికి వెళ్లాలి. మోకాళ్లు అరిగిపోయిన మస్తానమ్మ బిందె ఎత్తలేదు. కొడుకు లారీ మీద వెళ్తే వారాలకొద్దీ రాడు. నీళ్లకు వెళ్లేది కోడలు కాశింబీ. కాశింబీకి నెలలు దగ్గరపడ్డాయి. ఆ రోడ్డు మీద లారీలు ఎవరికోసమూ ఆగవు.

"ఏమమ్మా, నీకు దానిని గూర్చి తెలియునా?" అని అడిగాడు చిదంబరేశ్వర్.

"దేని గురించయ్యా?"

"అది చెప్పకూడదు."

"చెప్పకపోతే నాకెట్టా తెలుస్తది?"

చిదంబరేశ్వర్ కుర్చీలో ముందుకు జరిగాడు. ఇరవయ్యేళ్ల సర్వీసులో ఇంత శుద్ధమైన అజ్ఞానం ఆయన చూడలేదు. అక్కడికక్కడే ఆమెను రాష్ట్రానికంతటికీ అధికారిక ప్రారంభకురాలిగా, అంటే కొత్తగా ఆట మొదలుపెట్టే మనిషిగా, ధ్రువీకరించాడు.

"దానివల్ల నాకేంది సారూ?" అంది మస్తానమ్మ కమిషనర్‌తో.

"గౌరవం అమ్మా. నీ పేరు ప్రభుత్వ నివేదికలో ఉంటుంది."

"నా పేరు మీ ఆఫీసు కాయితాల్లో ఎప్పట్నుంచో ఉండాదిగా. నాకు కొళాయి కావాలి."

"పరిశీలిస్తాం."

"పరిశీలించబాకండి సారూ, ఏసెయ్యండి."

వరండాలో ఎవరో నవ్వారు. చిదంబరేశ్వర్ గడియారం చూసుకున్నాడు. పరాంకుశరావు కళ్లముందు మరుగుదొడ్డి పక్క కుర్చీ మెదిలింది.

"సరే. నివేదిక పైకి వెళ్లిన రోజే నీ బజారుకు నీళ్లు," అన్నాడు.

*

పరీక్ష నాడు హాలు నిండా జనం. ఎవరూ ఆమెకు ఏమీ చెప్పకూడదని కఠినమైన నిబంధన. చెబితే ఆమె కొత్తదనం పోతుంది. జోజిని మాట్లాడకుండా మూలన నిలబెట్టారు.

మస్తానమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. మౌస్ ఆపరేటరే పట్టుకోవాలన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదు గదా. అందుకని తనే పట్టుకుంది.

రాకెట్ దిగింది. బొమ్మలు దిగాయి. ఆమె ముందు వంటశాల కట్టబోయి దాన్ని రాకెట్ మీదే కట్టేసింది. ఇళ్లు కట్టడం పూర్తిగా మర్చిపోయింది. బొమ్మలన్నీ బయట నేలమీదే పడుకున్నాయి. దీపాలు పసుపుపచ్చగా మారాయి.

"ఈళ్లకేందయ్యా, ఏమైంది?"

దీపాలు ఎర్రబడుతున్నాయి. ఆమె కనబడిన ప్రతిదాని మీదా నొక్కింది. దొరికిన ప్రతి గొట్టాన్నీ పట్టుకుని అటూ ఇటూ లాగింది. కొన్ని గొట్టాలు ఆకాశంలోకి వెళ్లాయి. ఒకటి వెళ్లి నీళ్ల తొట్టికి తగిలింది. తెర మీద నీళ్లు పారాయి. బొమ్మలు పరిగెత్తుకొచ్చి తాగాయి. దీపాలు ఒక్కటొక్కటే నీలంగా మారాయి. ఇల్లూ వాకిలీ లేని ఆ బొమ్మలు గొట్టం చుట్టూ నిలబడి చేతులు ఊపడం మొదలుపెట్టాయి.

సంవత్సరం తిరిగింది. ‘అభినందనలు’ అన్న మాట తెరమీద మెరిసింది.

జోజి చప్పట్లు కొట్టబోయి, ఎవరూ కొట్టకపోవడం చూసి చేతులు దులుపుకున్నాడు.

"నీకు కష్టముగా తోచినదా?" అడిగాడు చిదంబరేశ్వర్.

"నాకేం కష్టమయ్యా, కుర్చీలో కూసున్నా. కష్టమంతా ఆ బొమ్మలకేగా."

అధికారులిద్దరూ పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

"ఫలితము మిక్కిలి ఆందోళనకరముగా ఉన్నది," అన్నాడు చిదంబరేశ్వర్.

"గెలిచింది కదండీ?"

"అదియే ఆందోళన. పరుపులు కుట్టు స్త్రీ ఒక్క పూటలో బతికించిన జనమును రాష్ట్రమందలి కమిషనర్లందరూ చంపినట్లు రేపు పత్రికలు వ్రాయును."

"ఏదో ఒక మార్గం చూడండి సార్."

చిదంబరేశ్వర్ కళ్లు మూసుకున్నాడు. తెరిచేసరికి మార్గం దొరికింది.

"ఆమె గొట్టము వేయుటకు ఎవరి అనుమతి తీసుకొన్నది?"

"ఎవరిదీ లేదండి."

"అనుమతి లేకుండా నీరు పారినచో దానిని ఏమందురు?"

"అక్రమ కుళాయండి," అన్నాడు పరాంకుశరావు. అని, తన మాట తనకే అర్థమై మెల్లగా నవ్వాడు. "అంటే ఆ బొమ్మలు బతికింది అక్రమంగా."

"కాబట్టి ఆమె విజయము చెల్లదు. లోపము ఆమెది కాదు, మనది కాదు. గేములో కార్యాలయము లేకపోవుటయే లోపము. సవరింపజేసెదను."

బయట మస్తానమ్మ చెప్పులేసుకుని నిలబడి ఉంది.

"గొట్టం ముక్క ఎప్పుడేస్తారు సారూ?"

"నివేదిక ఇంకా పైకి వెళ్లలేదు కదమ్మా," అన్నాడు పరాంకుశరావు.

*

సవరించిన ‘ఎర్రనేల’ వచ్చింది. ఇప్పుడు రాకెట్‌లోంచి బొమ్మలకంటే ముందు ఒక కార్యాలయం దిగుతుంది. గొట్టం వేయాలంటే దరఖాస్తు. దరఖాస్తు మీద నోట్. నోట్ మీద అభిప్రాయం. అన్నిటికంటే గొప్ప చేర్పు, తెర కింది భాగాన వెడల్పాటి ఆకుపచ్చ మీట. దానిమీద ‘కొర్రీ’ అని రాసి ఉంది. ఫైలు ముందుకు కదలకుండా వెనక్కి పంపడానికి అడిగే ప్రశ్నను మన కచేరీల్లో కొర్రీ అంటారు. ఈ మీట నొక్కితే గేములో కాలం ఆగిపోతుంది. జవాబు వచ్చేదాకా కదలదు.

మొదటి రోజే ఒక కమిషనర్ పొరపాటున మోచెయ్యి ఆనించి దాన్ని నొక్కేశాడు. కాలం ఆగింది. దీపాలు పసుపులోనే నిలిచిపోయాయి. ఒక్కరూ చనిపోలేదు. ఈ వార్త సాయంత్రానికి అన్ని పట్టణాలకూ పాకింది. మర్నాటినుంచి కమిషనర్లందరూ రాకెట్ దిగీదిగగానే కొర్రీ వేసి ఇంటికి వెళ్లిపోసాగారు. ఆవాసాలన్నీ క్షేమంగా ఉన్నాయి.

ఇక మిగిలింది కొత్తవాళ్లకు కష్టం కాదని తేల్చడం. అధికారిక ప్రారంభకురాలు మళ్లీ ఆడాలి. కానీ ఆమె ఒకసారి ఆడేసింది. కొత్తదనం పోయింది. మరో ప్రారంభకుణ్ని వెతికే ఓపిక ఎవరికీ లేదు. పాత ఆట మర్చిపోయినట్టు వైద్యుని ధ్రువపత్రం ఉంటే ఆమెనే కొత్తగా పరిగణించవచ్చని చిదంబరేశ్వర్ వెసులుబాటు ఇచ్చాడు.

మస్తానమ్మను ప్రభుత్వాసుపత్రికి పంపారు.

"ఏం మర్చిపోయావమ్మా?" అన్నాడు డాక్టరు.

"అది చెప్పకూడదంటయ్యా."

"చెప్పలేకపోతున్నావంటే మర్చిపోయినట్టే," అని ఆయన సంతకం చేసేశాడు.

రెండో పరీక్షకు వచ్చేటప్పటికి ఆమె మొహం మొదటిసారిలా లేదు. ఆ ఉదయం ట్యాంకర్ రాలేదు. కాశింబీ బోరుకు వెళ్లింది.

రాకెట్ దిగింది. కార్యాలయం దిగింది. బొమ్మలు దిగాయి. మస్తానమ్మ తిన్నగా వెళ్లి గొట్టం పట్టుకుంది. తెరమీద చిన్న కిటికీ ఒకటి తెరుచుకుంది. ‘ఈ గొట్టం ఏ నిబంధన కింద?’ దాన్ని మూసింది. ఇంకోటి తెరుచుకుంది. ‘దాహం నిర్ధారణ అయినదా?’ దీపాలు పసుపుపచ్చగా మారాయి. దాన్నీ మూసింది. ‘గతంలో దాహం వేసినప్పుడు తీసుకున్న చర్యలేవి?’ దీపాలు ఎర్రబడ్డాయి. ఆ చివర ఒక బొమ్మ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. అది పడిపోయేలా ఊగింది.

"అయ్యా, అది పడిపోతాంది, ఏదన్నా చెయ్యండి," అంటూ మస్తానమ్మ కంగారులో అందిన మీట నొక్కింది.

ఆకుపచ్చది.

అంతా ఆగిపోయింది. ఊగుతున్న బొమ్మ ఊగుతున్న చోటే ఆగింది. తొట్టి అంచున జారబోతున్న నీటిచుక్క గాల్లో ఆగింది.

ఈసారి హాలంతా చప్పట్లు. పరాంకుశరావు లేచి నిలబడి కొట్టాడు.

"ఎవ్వరూ మరణించలేదు," ప్రకటించాడు చిదంబరేశ్వర్. "ఎట్టి శిక్షణ లేని స్త్రీ సైతము ఆవాసమును కాపాడగలిగినది. సదరు గేము కొత్తవారికి కష్టము కాదు."

"ఎవురూ తాగనూ లేదు గదయ్యా," అంది మస్తానమ్మ.

"ఆ అంశము పరీక్ష పరిధిలో లేదు."

*

నివేదిక పైకి వెళ్లింది. ఎవరూ చనిపోలేదు గనక, గేములో సంవత్సరం తిరగకపోయినా కమిషనర్లందరి ఉద్యోగాలూ ఖాయమయ్యాయి. మస్తానమ్మ మర్నాడే వచ్చింది.

పరాంకుశరావు ఈసారి ఆమెకు కుర్చీ వేయించాడు. ఫైలు తెప్పించాడు. దానిమీద ఇంజనీరింగ్ సెక్షన్ కొర్రీ ఉంది. పరుపుల బజారులో దాహం ఉన్నట్టు నిర్ధారణ జతపరచలేదట.

"కొర్రీ పడిందమ్మా. జవాబు రావాలి."

"ఎవురు చెప్పాల జవాబు?"

"ఇంజనీరింగ్ సెక్షన్."

"అడిగింది ఎవురు?"

"ఇంజనీరింగ్ సెక్షనే."

మస్తానమ్మ కుర్చీలోంచి లేచింది. "నా కోడలి పొట్ట మీ కొర్రీ కోసం ఆగదు సారూ," అంది.

ఆగుతుందని పైవాళ్ల అభిప్రాయం. గేములో సాధించిన విజయం చూసి ముచ్చటపడిన శాఖ, దాన్ని నిజమైన పట్టణాలకూ వర్తింపజేస్తూ సర్క్యులర్ ఇచ్చింది. రచన చిదంబరేశ్వర్‌దే. ‘ఏదేని ప్రాంతమునకు సంబంధించిన ఫైలుపై కొర్రీ పెండింగులో ఉన్నంత కాలము, సదరు ప్రాంతమున కాలము నిలిచియున్నట్లు భావించవలెను. నివాసులు ఉన్నచోటనే, ఉన్నస్థితిలోనే ఉన్నట్లు పరిగణించవలెను.’

కాలం నిలిచిన చోట దాహం పెరగదు. దాహం పెరగని చోటికి ట్యాంకర్ దేనికి? పరుపుల బజారుకు ట్యాంకర్ ఆపేశారు. బజారు మూలన, ఆగిపోయిన గొట్టం పక్కనే, ఒక బోర్డు నిలబెట్టారు. ‘ఈ వీధిలో సమస్య నిలుపుదల చేయబడినది.’

ఇప్పుడు కాశింబీ రోజూ రోడ్డు దాటుతోంది.

ఆ శుక్రవారం నిండు బిందె చంకన పెట్టుకుని వస్తుంటే ఒక టిప్పర్ ఒరుసుకుంటూ పోయింది. డ్రైవర్ ఆపలేదు. బిందె ఎగిరి చక్రం కింద పడింది. కాశింబీ రోడ్డు పక్క మట్టిలో కూలబడింది. దెబ్బ తగల్లేదు. చప్పుడుకు బజారులోంచి ఆడవాళ్లు పరిగెత్తారు. కర్ర పట్టుకుని వెనకగా వచ్చిన మస్తానమ్మకు ముందుగా కనబడింది అప్పడంలా నలిగిన బిందె.

ఆమె కోడలి ఒళ్లంతా తడిమి చూసింది. పొట్ట మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉంచింది. లోపల కదలిక తెలిశాక లేచింది.

"గుద్దేసినోడు ఎటుబొయ్యాడో," అంది పక్కింటి హుస్సేనమ్మ.

"ఆణ్నేం చేస్తాంలే. బిందెలు తీసుకోండి," అంది మస్తానమ్మ.

"బోరుకా అత్తా?" అంది కాశింబీ.

"కాదు. కమిషనర్ ఇంటికి."

*

కమిషనర్ బంగళాలో ఆ ఉదయం ఉద్యోగం ఖాయమైన సందర్భంగా విందు. చిదంబరేశ్వర్ ముఖ్య అతిథి. ముందు గదిలో మైసూర్‌పాకు పంచుతున్నారు. గేటు తోసుకుని ఆడవాళ్లు వరసగా వచ్చారు. తోటలో కుళాయి విప్పి మొదటి బిందె కింద పెట్టారు. ఇద్దరు కలిసి కాశింబీని తీసుకొచ్చి వసారాలో పేము కుర్చీలో, ఫ్యాను కింద కూర్చోబెట్టారు.

పరాంకుశరావు చేతిలో ప్లేటుతోనే బయటికొచ్చాడు.

"ఏంటమ్మా ఇది? ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?"

"మేం రాలేదు సారూ," అంది మస్తానమ్మ.

"రాలేదా?"

"మేం మా బజారులోనే నిలబడి ఉన్నాం. ఉన్నచోటనే, ఉన్నస్థితిలోనే. మీ కాయితంలోనే రాసుంది, హుస్సేనమ్మ కూతురు చదివి చెప్పింది."

"పోలీసుల్ని పిలుస్తాను."

"పిలవండి. ఏమని చెప్తారు?"

పరాంకుశరావు నోరు తెరిచాడు. చిదంబరేశ్వర్ ఆయన మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగాడు.

"తొందరపడవద్దు. వీరు ఇచ్చటకు వచ్చినట్లు మీరు ఫిర్యాదు చేసినచో, పరుపుల బజారులో కాలము కదలినట్లు మీరే ఒప్పుకొన్నట్లగును."

"ఒప్పుకుంటే?"

"కాలము కదలినచో దాహము పెరిగినది. దాహము పెరిగినచో మీ ఆవాస సంరక్షణ విఫలము. మీ ఉద్యోగము ఖాయము కాదు." ఆయన మైసూర్‌పాకు ముక్క కొరికాడు. "కావున వీరు లేరు. మీరు చూడవద్దు."

పరాంకుశరావు చూడలేదు. మిగతా అతిథులకూ చూడవద్దని మర్యాదగా సూచించాడు. వాళ్లంతా గోడవైపు తిరిగి తిన్నారు. తోటలో బిందెలు నిండాయి. తర్వాత బకెట్లు నిండాయి. ఎవరో దుప్పట్లు తెచ్చి ఉతికి, గులాబీ మొక్కల మీద ఆరేశారు. చంటిపిల్లలకు అక్కడే నీళ్లు పోశారు.

మర్నాడూ వాళ్లు రాలేదు. ఆ మర్నాడు వాళ్లు ఇంకా ఎక్కువమంది రాలేదు.

మూడో ఉదయం స్నానాల గదిలోంచి పరాంకుశరావు కేక వినబడింది. ఒంటినిండా సబ్బు. షవర్‌లోంచి చుక్క రావడం లేదు.

"పైన ట్యాంకు ఖాళీ," అంది ఆయన భార్య శకుంతల, తలుపు బయటినుంచి.

"ఎలా ఖాళీ అయింది?"

"మీరు చూడొద్దన్నారుగా. నేను చూళ్లేదు."

"ఒక చెంబెడు నీళ్లయినా ఉంటే పొయ్యి."

"బిందెతో ఉన్నాయి. తోటలో ఆవిడ దగ్గర. అడిగితే ఇస్తుంది. కానీ ఆవిడ అక్కడ లేదు కదా, ఎలా అడగను?"

సబ్బు కళ్లల్లోకి దిగుతోంది. పరాంకుశరావు తువ్వాలు చుట్టుకుని, ఫోను దగ్గరికి తడుముకుంటూ వెళ్లి, ఇంజనీరును పిలిచాడు.

కమిషనర్ బంగళాలో అంతుచిక్కని కారణాలవల్ల నీరు తరిగిపోతోందనీ, నివారణగా పరుపుల బజారు మూలన ఆగిన గొట్టాన్ని లోపలివరకూ పొడిగించడం అత్యవసరమనీ ఫైలు తయారైంది. అది బంగళా ఫైలు కాబట్టి దానిమీద ఎవరూ కొర్రీ వేయలేదు. ఎండ తిరిగేలోపు తవ్వారు. దీపాలు పెట్టేవేళకు కలిపారు.

తనిఖీకి పరాంకుశరావు స్వయంగా వెళ్లాడు. వెంట జోజి. బజారులో ఇంటింటి ముందూ గొట్టం మూతి తేలి ఉంది. కాశింబీ తమ గడప ముందు పీట వేసుకుని కూర్చుంది. కొత్త బిందెలోకి నీళ్లు దూకుతున్నాయి. మస్తానమ్మ కమిషనర్ని చూసి లేవబోయి, మోకాళ్లు సహకరించక, చెయ్యెత్తి దండం పెట్టింది.

"కాసిన్ని తాగుతారా సారూ?"

ఆయన జవాబు చెప్పలేదు. చెబితే ఆమె ఉన్నట్టు లెక్క.

జోజి తనిఖీ కాగితం తీశాడు. "సార్, ఈ వీధిలో కొత్త కనెక్షన్ ఇచ్చినట్టు రాయకూడదండి, కొర్రీ ఇంకా తేలలేదు. మరి ఈ నీళ్లు ఎటు పోతున్నాయని రాయమంటారు?"

పరాంకుశరావు బిందె వైపు చూశాడు.

"లీకేజీ అని రాయి."

"లీకేజీ అంటే వెంటనే మరమ్మతు చేయమంటారండి పైనుంచి. గొట్టం మూసేయాల్సొస్తుంది."

బిందె నిండింది. కాశింబీ దాన్ని పక్కకు జరిపి, ఇంకోటి పెట్టింది. పరాంకుశరావుకు తన ఇంటి షవర్ గుర్తొచ్చింది.

"మరమ్మతుకు ఫైలు పెట్టు," అన్నాడు. "పెట్టి, దానిమీద ఒక కొర్రీ వెయ్యి."